వసారాలో కూర్చున్న మాటలు

ఒరే తమ్ముడూ,

నువ్వు అబద్ధాలకోరువి. దానికి తోడు పిరికివాడివి కూడా. ఈ రెండు ముక్కలూ ముందు రాసేస్తే తప్ప దీవెనల జోలికి వెళ్ళబుద్ధి కాలేదు. "ఇప్పుడు నాకేమీ అనిపించడం లేదక్కా, హాయిగా ఉంది" అని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర పెన్ను ఎంత గట్టిగా నొక్కావో నీకు తెలుసా? కాగితం తిరగేసి వేలితో తడిమితే అక్షరాలు బుడిపెల్లా తగులుతున్నాయి. ఏమీ అనిపించనివాడు అలా రాయడురా. ఏమీ అనిపించనివాడు అసలు ఉత్తరమే రాయడు.

సరే, పద్ధతి తప్పకూడదు కాబట్టి: చిరంజీవి తమ్ముడికీ మరదలికీ అక్క దీవెనలు. ఇక్కడ అమ్మ క్షేమం, అమ్మ కుట్టుమిషను క్షేమం, మీ బావ క్షేమం, నా కోపం మరీ క్షేమం. నువ్వు కూడా అక్కడ క్షేమమని తలుస్తున్నానని రాయాలి. తలవడం లేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు చిన్న ప్రశ్నలకు జవాబులు. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. మోకాలు బాగానే ఉందట, మెట్లే బాగాలేవట. మీ బావ వంట ప్రయోగాలు మానేశాడా అన్నావు. ఆయన మానలేదు, తినడం మేమే తగ్గించాం. మా పత్రిక బతికే ఉందా అని వెటకారం చేశావు. బతికే ఉంది బాబూ. పోయిన సంచికలో మునిసిపాలిటీ మీద నా సంపాదకీయం చదివి ఒక పెద్దమనిషి "మీరు కాస్త చల్లబడాలి మేడమ్" అని ఉత్తరం రాశాడు. దాన్ని ఎర్ర సిరాతో దిద్ది, తప్పులు సరిచేసుకుని మళ్ళీ పంపమని తిప్పి పంపాను. మరదలికి కాళ్ళు వాస్తున్నాయని రాశావు. నెలలు నిండేటప్పుడు అది మామూలే అయినా డాక్టరుకు చూపించు. మామూలే అని ఊరుకునే అలవాటు ఇప్పుడు నీకు బాగా ఎక్కుతోంది, దాన్ని ఆ అమ్మాయి కాళ్ళ దాకా రానివ్వకు.

ఇక అసలు ప్రశ్న. మీ డైరెక్టరు ఇచ్చిన మెమో. టీవీ వార్తల్లో మూల గడిలో నిలబడి, వార్తల్ని వినపడనివాళ్ళకు సైగల్లో చెప్పే మనిషి ఎలా ఉండాలో ఆ మహానుభావుడు ఇంగ్లీషులో వరసగా పేర్చాడు. స్టోయిక్‌గా ఉండాలి. ఫ్లెగ్మాటిక్‌గా ఉండాలి. కొంచెం అలూఫ్‌గా ఉండాలి. మొహం డెడ్‌పాన్‌గా పెట్టాలి. కింద హామీపత్రం, నీ సంతకానికి ఖాళీ, శనివారం గడువు. ఇదంతా ఎందుకు? కుట్టు కార్ఖానా పైకప్పు కూలిన వార్త చెప్పిన రోజు నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరో ప్రేక్షకుడు "వార్తల్లో ఈ నాటకమేమిటి" అని ఫిర్యాదు చేశాడు. అందుకని మీ డైరెక్టరు నిన్ను గదిలోకి పిలిచి, బల్ల గుద్ది, గొంతు చించుకుని, శాంతంగా ఉండమని చెప్పాడు. ఈ దృశ్యాన్ని ఊహించుకుని నేను చాలాసేపు నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

"సంతకం పెట్టేముందు ఈ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పక్కా, నీ దగ్గర ఆ లావు నిఘంటువు ఉందిగా" అని అడిగావు. ఉంది. తీశాను. వారం రోజులుగా సాయంత్రాలు అమ్మ కుట్టుగదిలో కూర్చుని ఒక్కో మాటా ఆవిడకి సైగల్లో చెబుతూ వచ్చాను. మెమో సంగతి మాత్రం మొదట చెప్పలేదు. మా పత్రికకు వ్యాసమని చెప్పాను. ఎందుకు దాచానో చివర్లో చెప్తాను, అక్కడిదాకా చదువు.

అమ్మతో మాట్లాడాలంటే మిషను ఆగాలి కదా. కళ్ళు బట్ట మీద ఉన్నంతసేపూ ఆవిడకి లోకం మూగది. నేను బల్ల మీద తట్టాను, అదురు తెలిసి తల ఎత్తింది, తొక్కుడు ఆపింది, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి "చెప్పవే ముక్కుపుటాలూ" అంది. మనింట్లో పేర్లు పిలిచేవి కాదు, చూపించేవి. రెండు వేళ్ళు ముక్కు దగ్గర పెట్టి బుస్సుమని తెరిస్తే నేను. బుగ్గలో వేలు గుచ్చితే సొట్టబుగ్గ, అంటే నువ్వు. పొట్ట నిమిరితే మీ బావ. ఆయన ఇప్పటికీ దాన్ని గౌరవసూచకం అనుకుంటున్నాడు.

మొదట స్టోయిక్. గ్రీకు దేశంలో ఒక పంతులుగారు బజారు పక్కన బొమ్మలు వేసిన వసారాలో శిష్యుల్ని పోగేసి పాఠం చెప్పేవాడట. వసారాని వాళ్ళ భాషలో స్టోఆ అంటారు. వసారాలో చేరినవాళ్ళు కాబట్టి స్టోయిక్కులు. సుఖానికి పొంగకు, దుఃఖానికి కుంగకు అన్నది వాళ్ళ బోధ. అమ్మ శ్రద్ధగా చూసింది.

"నీడపట్టున వసారాలో కూచుంటే ఎవడైనా పొంగకుండానే ఉంటాడు. వంటింట్లోకి రమ్మను. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగొద్దని పాలకి చెప్పమను."

"అది కాదమ్మా, వాళ్ళలో ఒక బానిస కూడా ఉన్నాడట. వాడు కూడా అదే బోధ చేశాడు."

అమ్మ తల ఊపింది. "వాడైతే సరే" అంది. "వాడికి ఇంకేం మిగిలింది గనక."

ఈ ముక్క నేను ఏ సంపాదకీయంలోనూ ఇంత పొట్టిగా రాయలేకపోయాను. దెబ్బలు తినేవాడు నేను ఏడవను అని పంతం పడితే అది పౌరుషం. దెబ్బలు చూస్తూ కూర్చున్నవాడు నువ్వు ఏడవకు అని మెమో ఇస్తే దాన్ని ఏమనాలి? మీ డైరెక్టరు వసారాలో ఉన్నాడురా. పైగా ఆ వసారాకి ఏసీ ఉంది.

ఫ్లెగ్మాటిక్ చూద్దాం. మన వాత పిత్త కఫాల్లాగే వాళ్ళ పాత వైద్యులకీ ఒంట్లో రసాల లెక్క ఒకటి ఉండేది. ఫ్లెగ్మ్ అంటే కఫం, అది ఎక్కువైనవాడు మందకొడి, ఉలుకూ పలుకూ లేనివాడు. అంటే మీ డైరెక్టరు నిన్ను కోరేది కఫం మనిషిగా మారమని. అమ్మ మొహం చిట్లించి, "తెమడ పడితే డాక్టరుకు చూపించుకోవాలి గానీ అదో గొప్పా?" అంది. ఇందులో అసలు తమాషా అడుగున ఉంది. నిఘంటువు ఇంకాస్త తవ్వితే ఆ గ్రీకు మాటకి వేరు ఎక్కడుందో తెలుసా? మండటంలో. మంట, వాపు, ఆ మంట వల్ల ఊరిన రసం. చల్లటి మనిషికి పెట్టిన పేరు కింద గోకితే నిప్పు బయటపడింది! నాకు ఎంత సంబరమేసిందంటే మీ బావని వంటింట్లోంచి లాక్కొచ్చి చూపించాను. ఆయన "బావుంది, కూర మాడుతోంది" అని వెళ్ళిపోయాడు. ఇదిగో, ఇంట్లోనే ఒక ఫ్లెగ్మాటిక్ ఉన్నాడు.

నాన్‌షలాంట్ అని ఇంకో మాట ఉంది, ఫ్రెంచివాళ్ళది. మీ డైరెక్టరు దాన్ని మర్చిపోయాడు, నేనే కలుపుతున్నాను. లాటిన్‌లో వెచ్చబడటం అనే మాట తీసుకుని దాని ముందు "కాదు" తగిలించారు. వేడెక్కనివాడు అని. ఇది చెప్పేసరికి అమ్మ ఎవరిదో చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. పెట్టెని ఎత్తి నాకు చూపించి, "వేడెక్కనిది ఎందుకే? కాయితాలు ఎగిరిపోకుండా పెట్టుకోడానికా?" అంది. నేను నవ్వుతుంటే ఊరుకోక, "ఇంకేమన్నా ఉన్నాయా ఇలాంటివి?" అని అడిగింది. కాలస్ అని ఉందన్నాను, జాలి లేనివాణ్ణి అలా అంటారు, కాయకాచిన తోలు అని దాని అసలు అర్థం. అమ్మ నవ్వు ఆపి తన కుడిచేతి చూపుడువేలు నా ముందు పెట్టింది. ఏళ్ళ తరబడి సూది తగిలి తగిలి రాయి అయిపోయిన వేలు అది.

"దీనికి సూది దిగినా తెలీదు. అందుకే గుడ్డ మెత్తనో గరుకో చూడాలంటే ఎడం చెయ్యి పెడతాను" అంది. "వేలు పోతే ఇంకో చెయ్యి ఉంది. మొహమంతా కాయకాస్తే దేంతో చూస్తాడే మనిషి?"

నీ సంగతి ఏమీ తెలియకుండానే అన్న మాట ఇది. నేను తల వంచుకుని నిఘంటువులో దూరాను.

అలూఫ్ మీద మాత్రం నాకు జాలేసింది. ఆ మాటది ఓడ బతుకు. సుడిగాలి ఓడని ఒడ్డువైపు తోస్తుంటే, ముక్కు గాలివైపు తిప్పండి, రాళ్ళకి ఎడంగా ఉంచండి అని చుక్కాని పట్టినవాడికి వేసే కేక. అంటే దూరంగా, ముభావంగా ఉండేవాడికి పెట్టిన పేరు పుట్టడమే ఒక అరుపుగా పుట్టింది. ఓడలో ఉన్నవాళ్ళందరి ప్రాణాల మీదా ఆశతో వేసిన అరుపు. ఆ మాటే ఒడ్డు చేరి, చొక్కా మార్చుకుని, ఇవాళ భుజాలు ఎగరేసేవాడికి బిరుదైంది. డెడ్‌పాన్ కథ ఇంకా విడ్డూరం. పాన్ అంటే నాటకాల కంపెనీల యాసలో మొహం. చచ్చిన మొహం పెట్టి హాస్యం ఆడే నటులు ఉండేవాళ్ళు, వాళ్ళు ఎంత బిగిస్తే జనం అంత పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. మీవాడు వార్తల గౌరవం కాపాడటానికి తెచ్చిన మాట విదూషకుల పెట్టెలోంచి వచ్చిందిరా! ఈ సంగతి ఆయనకి చెప్పు. చెప్పేటప్పుడు నవ్వకు, ఆయన కోరినట్టే డెడ్‌పాన్‌గా చెప్పు.

ఇంగ్లీషువాళ్ళని తిట్టి మనవాళ్ళని వదిలేస్తానని అనుకోకు. మన మాటలు మాత్రం ఏం తక్కువ తిన్నాయి? ఉదాసీనుడు అంటే పక్కకు జరిగి కూర్చున్నవాడు. నిర్లిప్తుడు అంటే ఒంటికి ఏదీ అంటనివాడు. నిర్వికారుడు అంటే ఏ మార్పూ రానివాడు. ఇవన్నీ పొగడ్తలే, అన్నీ పుస్తకాల మాటలే. వీధిలోకి రా, అదే సంగతిని జనం ఏమంటున్నారో విను. దున్నపోతు మీద వాన. చీమ కుట్టినట్టయినా లేదు. బండరాయి. బెల్లం కొట్టిన రాయి. ఒక్కటైనా మెచ్చుకోలు ఉందా చూడు! కూర్చుని రాసినవాడు దేన్ని గొప్ప అన్నాడో, నిలబడి చాకిరీ చేసినవాడు దాన్నే తిట్టాడు. ఎందుకంటే నిలబడినవాడికి పక్కవాడి మొహమే దిక్కు. బరువు ఎత్తేటప్పుడు, పురుడు పోసేటప్పుడు, శవాన్ని మోసేటప్పుడు ఎదుటి మొహంలో ఏమీ కనపడకపోతే పని జరగదు. అసలు ఎవరి ఆవేశాన్ని ఆవేశం అంటారో గమనించావా ఎప్పుడైనా? డైరెక్టరు బల్ల గుద్దితే కచ్చితమైన మనిషి. నేను గుద్దితే పిచ్చిది. కార్ఖానా ఆడవాళ్ళు గుద్దితే పోలీసులు. ఊరుకోమని చెప్పే మాటలు ఎప్పుడూ మెట్లు దిగే వస్తాయి తమ్ముడూ, కింద నుంచి పైకి ఒక్కటైనా ఎక్కిందా?

చూశావా, మళ్ళీ సంపాదకీయంలో పడ్డాను. చాలు. దాచింది చెప్పే వేళయింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రమే నువ్వు ఆ కొత్త మొహంతో టీవీలో కనపడ్డావు. గడువుదాకా కొన్నాళ్ళు అలా చేసి చూస్తానని రాశావుగా. ఎప్పటిలాగే అమ్మ మిషను ఆపి టీవీ ముందు కూర్చుంది. పక్కింటి మీసం కూడా వచ్చాడు. తాళాలు బాగుచేసేవాడు, అమ్మలాగే పుట్టు చెవుడు, నీ వార్తలు చూడందే అన్నం తినడు. వార్తలు మొదలయ్యాయి. కాసేపటికి అమ్మ లేచి టీవీ నెత్తిన ఒకటి వేసింది. తర్వాత పక్కన ఒకటి వేసింది. మీసం వెనక్కి వెళ్ళి వైర్లు కదిలించాడు. లాభం లేదు. మర్నాడు పొద్దున్నే నన్ను తరిమి రిపేరువాణ్ణి పిలిపించింది.

అతను విప్పి చూసి, "ఏమీ పాడవలేదండీ. బొమ్మ శుభ్రంగా వస్తోంది" అన్నాడు. నేను మధ్యలో నిలబడి ఇటుది అటు, అటుది ఇటు చెబుతున్నాను.

"శుభ్రంగా వస్తే మావాడు ఎందుకు మాట్లాట్టం లేదు?" అని అమ్మ.

ఆ సమయానికి పొద్దుటి వార్తల్లో నువ్వే ఉన్నావు. అతను నిన్ను వేలుతో చూపించి, "అదిగో, చేతులు ఆడిస్తున్నాడుగా అమ్మగారూ" అన్నాడు.

"చేతులు ఆడిస్తున్నాడు. మాట్లాట్టం లేదు" అంది అమ్మ. "ఈ టీవీలో గొంతు తగ్గించినట్టుంది. కాస్త పెంచు."

పాపం అతను సౌండు పెంచాడు. వీధి చివరిదాకా వినపడింది. అమ్మ తృప్తి పడలేదు.

అతను వెళ్ళాక నా వైపు తిరిగింది. "వాడికి ఒంట్లో బాగాలేదా? నిజం చెప్పు." అప్పుడు ఆడానురా అబద్ధం. నీకు పన్ను పీకారని, మందు ఇచ్చారని, ఆ మందుకి మొహం మొద్దుబారిందని చెప్పాను. అమ్మ దగ్గర అబద్ధం ఆడటం ఎంత కష్టమో నీకు తెలుసు. మాటతో కుదరదు, మొహంతో ఆడాలి. కనుబొమ్మ కాస్త వణికితే పట్టేస్తుంది. అందుకని నేను, ఇంత అరిచే నేను, మొహంలో ఏమీ లేకుండా, రాయిలా పెట్టుకుని ఆ అబద్ధం చెప్పాను. మీ డైరెక్టరు చూస్తే మెడల్ ఇచ్చేవాడు. ఆ క్షణాన నాకు అర్థమైంది, మొహం ఖాళీగా పెట్టాల్సిన అవసరం ఎవరికి వస్తుందో. దాచేవాడికి వస్తుంది. నువ్వు మూల గడిలో దేన్నీ దాచడానికి నిలబడలేదు కదా?

ఎందుకు చెప్పానంటే, ఊరందరి మీదా కలబడే నేను అమ్మ మొహానికి భయపడ్డాను. నీ మెమో సంగతి తెలిస్తే ఆ మొహం ఏమవుతుందో చూడలేక. అదీ నా ధైర్యం. మొదటి పేజీలో నిన్ను పిరికివాడన్నానుగా, మన ఇంటి పేరు అదేనేమో.

అబద్ధానికి కాళ్ళు వచ్చాయి. అమ్మ మీసానికి చెప్పింది, మీసం ఊళ్ళో వినపడనివాళ్ళందరికీ చెప్పాడు. అందరూ నీ పంటికోసం దిగులుపడి, మందు ఎప్పుడు దిగుతుందా అని రోజూ సాయంత్రం మనింట్లో టీవీ ముందు చేరడం మొదలుపెట్టారు. మీ బావ అందరికీ ఏవో చేసి పెట్టాడు. మర్యాదకి తిన్నారు.

ఇంతలో వానలకి నీళ్ళ పైపుల్లో మురుగు కలిసిందన్న వార్త వచ్చింది. నీళ్ళు మరగకాచి తప్ప తాగవద్దని నువ్వే చెప్పావు. చేతులన్నీ సరిగ్గానే తిప్పావు. కానీ ఆ మొహం చూసి వీళ్ళంతా ఏమనుకున్నారో తెలుసా? పొద్దున్నే నడిస్తే ఒంటికి మంచిది, గోళ్ళు కత్తిరించుకోండి, నీళ్ళు కాచుకు తాగండి, ఆ బాపతు అనుకున్నారు. అమ్మ ఎప్పుడూ కాచినవే తాగుతుంది కాబట్టి బతికిపోయింది. మీసం ఇంటికెళ్ళి చెంబెడు కుళాయి నీళ్ళు తాగాడు. తర్వాతి సంగతి ఆయన మాటల్లోనే: "ఊళ్ళో తలుపులన్నిటికీ తాళాలు వేసేవాణ్ణి, నా కడుపుకి వేసుకోలేకపోయాను." ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు, కంగారుపడకు. ఆసుపత్రిలో సెలైను ఎక్కుతుంటే నన్ను చూసి, ఖాళీగా ఉన్న చేత్తో ఒకటే అన్నాడు. "భయం లేని మొహంతో భయం చెప్తే ఎవడు నమ్ముతాడు?"

మేం ఆసుపత్రి నుంచి నడిచి వస్తున్నాం. అమ్మ నడిరోడ్డు మీద ఆగింది. వెనక రిక్షావాడు గంట కొడుతున్నాడు, ఆవిడకేం వినపడుతుంది?

"పన్ను పీకితే మొహం ఒక పక్కే కదే మొద్దుబారేది?" అంది. "వాడికి రెండు పక్కలా మొద్దుబారింది. ఎవరు పీకారు? ఏం పీకారు?"

ఇంక దాచలేకపోయాను. రోడ్డు పక్కకి లాగి మొత్తం చెప్పాను. కార్ఖానా వార్త, ఫిర్యాదు, బల్ల గుద్దుడు, మెమో, సంతకం, నీ ఉత్తరంలో ఉన్న ఆ "హాయి"తో సహా. చెబుతున్నకొద్దీ అమ్మ మొహం ఆగిపోయిందిరా. నీకు ఎలా చెప్పను? కోపం కాదు, ఏడుపు కాదు. ఎప్పుడూ ఏదో ఒకటి పలికే మొహం, నిద్రలో కూడా కలలతో కబుర్లాడే మొహం, మూతపెట్టినట్టు ఆగిపోయింది. ఆ కాసేపు నేను చెవిటిదాన్నయ్యాను. లోపల ఏముందో ఒక్క ముక్క తెలియలేదు. వారం రోజులుగా ఆవిడ టీవీ ముందు కూర్చుని పడిన బాధ ఏమిటో అప్పుడు తెలిసింది.

తర్వాత మెల్లిగా చేతులు కదిలాయి.

"ఆ కార్ఖానా వార్త నాకు బాగా గుర్తు. ఆ రాత్రి నేను మిషను ముట్టుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా టీవీ చూస్తున్నా, వార్తల్లో వాళ్ళు ఎందుకు చచ్చిపోయారో, ఎంత దారుణంగా చచ్చిపోయారో వాడు చెప్తేనే నాకు అందింది. దాన్ని నాటకమన్నారా?"

నీ వాదన కూడా చెప్పాను, దాచలేదు. "ఆ ఏడుపు వార్తది కాదక్కా, నాది. నా సొంత ఏడుపుని వార్తలో కలిపాను, అది తప్పే కదా" అని రాశావుగా. నిజాయితీగా చెప్తున్నా, ఆ వాక్యానికి జవాబు వెతికాను. నిఘంటువంతా తిరగేసినా దొరకలేదు. అమ్మ మాత్రం వెంటనే అంది.

"కన్నీళ్ళు వాడివే. కాదన్నదెవరు? చేతులు ఆగాయా? తడబడ్డాయా? ఒక్క మాట మింగాడా? లేదు. నేను చూశాను. వార్తలు చదివే అమ్మాయి గొంతు కూడా ఆరోజు బొంగురుపోయిందట, నువ్వే చెప్పావు. ఆ అమ్మాయికి మెమో ఇచ్చారా?"

ఇవ్వలేదు. కదా?

నేను ఉత్సాహంగా, అయితే ఆ ఉద్యోగం మొహాన కొట్టి వచ్చేయమని రాస్తానమ్మా అన్నాను. అమ్మ నా ముక్కుని రెండు వేళ్ళతో పట్టుకుని మూసింది. "వాడికి బిడ్డ పుట్టబోతోంది. నీలాగా వాణ్ణీ వీధిలో నిలబెట్టకు. ఉద్యోగం పోకూడదు. మొహమూ పోకూడదు. అందుకే వాడొక్కడూ అడగక్కర్లేదు, మేమంతా అడుగుతాం" అంది. నాకు కోపం వచ్చింది, కానీ ముక్కు మూసి ఉన్నప్పుడు కోపం సరిగ్గా రాదు.

ఇంటికి వచ్చాక అందర్నీ పిలిపించింది. మీసం సెలైను గుచ్చిన చోట దూది పెట్టుకునే వచ్చాడు. అమ్మ ఇస్త్రీ బల్ల చుట్టూ నిలబడి ఒకటే చేతులు, ఒకటే మొహాలు. వినపడనివాళ్ళ గది నిశ్శబ్దంగా ఉంటుందనుకునేవాళ్ళు ఆ బల్ల మీద పడే దెబ్బలు వినాలి! నేను నా పద్ధతిలో ఒక మంచి వ్యాసం మొదలుపెట్టాను. వసారాతో మొదలై ఓడ దాకా వెళ్ళింది. చదివి చూపిస్తుంటే మీసం ఆవలించాడు. అమ్మ కాగితం లాక్కుని, "ఇది బాగుంది, నీ పత్రికలో వేసుకో. మాకు అంకెలు వేసి పొట్టిగా రాయి" అంది.

కాబట్టి ఇవి నా డిమాండ్లు కావు. అమ్మవీ, వాళ్ళవీ. నేను గుమస్తాని మాత్రమే. ఒక ప్రతి నీకు, ఒకటి మీ డైరెక్టరుకు రిజిస్టరు పోస్టులో వెళ్తోంది. శనివారం ఉదయం వీళ్ళందరూ ఇక్కడి మీ చానలు ఆఫీసు ముందుకి వెళ్ళి నిలబడతారు. కూర్చోరట, చేతులు పైకెత్తితే వెనకవాళ్ళకి కనపడాలి కదా.

ఒకటి. హామీపత్రం మీద నువ్వు సంతకం పెట్టకూడదు. పెట్టేసి ఉంటే, అడిగి వెనక్కి తీసుకోవాలి.

రెండు. నీ ఉద్యోగం తీయకూడదు. తీస్తే ఏ తప్పుకి తీశారో టీవీలో సైగలతోనే చెప్పాలి.

మూడు. డైరెక్టరు ఒకరోజు వార్తలన్నీ ఎత్తూ పల్లం లేని ఒకే గొంతుతో చదివించాలి. వరదకీ, ఆటల పోటీకీ, చావుకీ ఒకటే గొంతు. తర్వాత వినపడేవాళ్ళని ఎలా ఉందో అడగాలి.

నాలుగు. మూల గడి పెద్దది చేయాలి. ఇప్పుడు నీ మొహం మాకు గోరంత కనపడుతోంది.

అయిదు. నీళ్ళ వార్త మళ్ళీ చెప్పాలి, ఈసారి భయంగా చెప్పాలి. కుళాయి తిప్పి తాగుతున్నవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆరు. మా గడి గురించి మాట్లాడుకునే గదిలో మాకు కుర్చీ వేయాలి.

ఏడు. ఏడుపు వచ్చిన రోజు ఏడవచ్చు. ముక్కు తుడుచుకోవడానికి మాత్రం వార్త అయ్యేదాకా ఆగాలి. చేతులు మావి.

ఇట్లు,
అమ్మ చెప్పగా రాసిన
మీ అక్క